గడియ పడకపోతే ముందు బందులు చూడండి

నవంబరు వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు పాత ఇళ్లలో ఒక చప్పుడు మొదలవుతుంది. కిటికీ గడియను పచ్చడిబండతో కొట్టే చప్పుడు. మే నెలలో ఒక్క వేలితో పడిన గడియ వానలు పట్టగానే మొండికేస్తుంది. నాలుగు దెబ్బలకు ఎలాగో దిగుతుంది కానీ, సంక్రాంతికి రంగులు వేద్దామని తీయబోతే రాదు. అప్పుడు వడ్రంగిని పిలిచి గడియ మార్పిస్తారు. మరుసటి నవంబరుకు ఆ కొత్తదీ పడదు.

నిజానికి గడియలో చెడిపోయేది చాలా తక్కువ. ఒక పట్టీ, దాని మీద రెండు మూడు చెవులు, ఆ చెవుల్లో జారే కడ్డీ, తోయడానికి ఒక బుడిపె. అంతే. వంద సార్లలో తొంభై సార్లు తప్పు దాన్ని మోస్తున్న రెక్కది. రెక్క ఎందుకు పక్కకు పోయిందో తేల్చకుండా గడియ మీద ఎంత పని చేసినా ఆ పని ఒక కాలానికే పనికొస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా మన ప్రాంతపు మామూలు పాత కిటికీ గురించి. చట్రంలో నిలువు ఊచలు, రెండు రెక్కలు, వాటిని చట్రానికి పట్టి తిరగనిచ్చే బందులు, ఒక రెక్క అంచు మీద ఇంకోటి వచ్చి కూర్చునే గాడి. ముందుగా మూసే రెక్కకు పైనా కిందా గడియలు (చిలుకు అనేవాళ్లూ ఉన్నారు), దాని మీద కూర్చునే రెక్కకు నడుమన గొళ్ళెం, ఒక పిడి. తెరిచిన రెక్క గాలికి కొట్టుకోకుండా పట్టే కొక్కెం.

కాటుక పరీక్ష

గడియ కడ్డీ కొనకు కాస్త కాటుక పూయండి. రెక్కను చేత్తో అదమకుండా, అది తనంతట తాను ఆగే చోట ఉంచి కడ్డీని తోయండి. చట్రం మీద పడిన నల్ల మచ్చ కన్నానికి ఏ వైపున ఉందో చూడండి. పై గడియకూ కింది గడియకూ విడివిడిగా ఇలా చేయాలి.

రెండు మచ్చలూ కన్నం దాటి, బందులకు దూరంగా, ఒకే కొలతలో పడితే రెక్క వెడల్పు పెరిగింది. అంటే చెక్క ఉబ్బింది. పై మచ్చ మాత్రమే దూరం జరిగి, కిందిది దాదాపు సరిగ్గానే ఉండి, రెక్క అడుగు చట్రానికి రాసుకుంటుంటే రెక్క వాలింది. మచ్చ పక్కకు కాకుండా గది వైపుకో వీధి వైపుకో జరిగితే రెక్క మెలి తిరిగింది. మచ్చ సరిగ్గా కన్నం అంచుల మీదే పడి, అయినా కడ్డీ దిగకపోతే కన్నమే పూడిపోయింది. ఈ నాలుగింటికీ మందు వేరు. ఒకదానికి వాడాల్సింది ఇంకోదానికి వాడితే కిటికీ పాడవుతుంది. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, వాలిన రెక్కను ఉబ్బిందనుకుని చిత్రిక పట్టించడం.

ఉబ్బు సంగతి

చెక్క పొడవునా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం తికమక తీరుతుంది. టేకులో తేమ ఒక శాతం పెరిగితే వెడల్పు సుమారు 0.2 శాతం పెరుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండకు ఆరిన చెక్కకూ, ఈశాన్య రుతుపవనాల్లో వారం పాటు తడిసిన చెక్కకూ తేమలో 5 శాతం తేడా ఉందనుకుందాం. నిలువు చెక్కలు రెండు, ఒక్కోటి 75 మి.మీ. వెడల్పు, మధ్యలో గాడిలో వదులుగా కూర్చున్న పలక ఉన్న రెక్క అయితే పెరుగుదల 1.5 మి.మీ. రెండు రెక్కలకు కలిపి 3 మి.మీ. చూడటానికి తక్కువే. కానీ కడ్డీకి కన్నంలో ఉండే ఖాళీ 2 మి.మీ. మించదు కదా.

నిలువు పలకలను పక్కపక్కన పేర్చి వెనక అడ్డ చెక్కలు కొట్టిన రెక్కలైతే లెక్క మారుతుంది. అక్కడ రెక్క మొత్తం వెడల్పూ ఉబ్బుతుంది. ఆ పెరుగుదలను పలకల మధ్య సందులు కొంత మింగాలి. ఆ సందుల్లో లప్పం కూరి రంగు వేసేశారంటే ఉబ్బిన చెక్కకు చోటుండదు, రెక్క విల్లులా వంగుతుంది.

రెక్క ఎత్తు మాత్రం నిలువు చెక్కల పొడవే కాబట్టి వానలో పెరగదు. కాబట్టి రెక్క అడుగున రాసుకుంటుంటే దాన్ని ఉబ్బు ఖాతాలో వేయకండి. అది రెక్క వాలిన జబ్బు.

ఉబ్బిన రెక్కను నవంబరులో చిత్రిక పట్టకూడదు. అప్పుడు సరిపోయిన అంచు ఏప్రిల్‌కు 3 మి.మీ. సందుగా తేలుతుంది. దాంట్లోంచి దుమ్మూ దోమలూ వస్తాయి, గడియకు పట్టు ఉండదు. వానల్లో చేయాల్సింది ఓపిక పట్టడం, మరీ అవసరమైతే చట్రం మీది ఇనుప పట్టీ కన్నాన్ని మచ్చ పడిన వైపుకు మాత్రమే గుండ్రటి ఆకురాయితో 1 మి.మీ. వరకు అరగదీయడం. సంక్రాంతి దాటాక చెక్క అటు తడీ ఇటు ఎండా కాని స్థితికి వస్తుంది. అప్పుడు కొలవండి. రెక్కకూ చట్రానికీ మధ్య, రెక్కకూ రెక్కకూ మధ్య 2 మి.మీ. ఖాళీ ఉంటే చాలు. లేకపోతేనే చిత్రిక.

ఇంత నీళ్లు చెక్క ఎక్కణ్నుంచి తాగుతుందంటే, రంగు లేని చోటు నుంచి. రెక్కను బిగించి ఉంచే రంగు వేస్తారు కాబట్టి అడుగు అంచుకూ తల అంచుకూ కుంచె చేరదు. నిలువు చెక్కల కొసలు తేలేది అక్కడే. చెక్క గొట్టాలు తెరుచుకుని ఉండే ఆ కొసలు పక్క ముఖాల కంటే ఎన్నో రెట్లు వేగంగా నీటిని పీలుస్తాయి. ఏ పనికోసమైనా రెక్క ఊడదీసినప్పుడు ఆ రెండు అంచులకూ ముందు పలచన చేసిన ప్రైమరు, ఆరాక రెండు పూతలు రంగు వేయించండి. కిటికీకి చేయగలిగిన పనుల్లో దీని విలువ ఎక్కువ, ఖర్చు తక్కువ. ఎవరూ చేయనిదీ ఇదే.

వాలిన రెక్క

450 మి.మీ. వెడల్పు, 1200 మి.మీ. ఎత్తు, 30 మి.మీ. మందం ఉన్న టేకు రెక్క పది కిలోల పైన తూగుతుంది. ఆ బరువు పై బందును చట్రం నుంచి బయటికి లాగుతుంది, కింది బందును లోపలికి నొక్కుతుంది. అందుకే ఎప్పుడూ ముందుగా వదులయ్యేవి పై బందు స్క్రూలే.

రెక్కను సగం తెరిచి, బందులకు ఎదురుగా ఉన్న అంచును కింద నుంచి రెండు చేతులతో పైకెత్తి వదలండి. ఇంకొకరు దగ్గరగా చూడాలి. బందు పట్టీ చెక్క మీద కదిలితే స్క్రూలు వదులు. పట్టీ కదలకుండా నడిమి ఇరుసు ఊగితే బందే అరిగింది, మార్చాలి. ఈ రెండూ కదలక రెక్క మూలలో సందు తెరుచుకుంటే నిలువు చెక్కా అడ్డ చెక్కా కలిసే అతుకు విడిపోయింది. దానికి రెక్క దించి, అతుకులో పాత జిగురు గీకి, కొత్త జిగురుతో బిగించి, చెక్క చీల కొట్టాలి. మూలకు బయట ఇనుప మూలపట్టీ కొట్టడం అందరూ చేసే పని. అది అతుకును పట్టుకుంటుంది కానీ లోపలికి పోయే నీటిని ఆపదు, రెండేళ్లకు పట్టీ కింద చెక్క మెత్తబడుతుంది.

స్క్రూలు వదులైతే కన్నం పెద్దదైందన్న మాట. అగ్గిపుల్లలు కూరి బిగించడం ఒక వారానికి సరే. అగ్గిపుల్ల మెత్తటి చెక్క, మర దాన్ని నలిపేస్తుంది. సరైన పద్ధతి బిరడా వేయడం. పాత కన్నాన్ని 8 లేదా 10 మి.మీ. డ్రిల్లుతో నిండుగా తొలిచి, అదే రకం చెక్కతో చేసిన బిరడాను నీటిని తట్టుకునే ఫెవికాల్ పూసి దిగగొట్టి, ఒక రోజు ఆరనివ్వాలి. బిరడాను చెక్క నారకు అడ్డంగా కోసి తీస్తే మేలు. నార పొడవునా చెక్కిన గుండ్రటి పుల్ల కొసలోకి స్క్రూ దిగితే పట్టు బలహీనంగా ఉంటుంది. ఆరాక 8 నంబరు స్క్రూకు 3 మి.మీ. దారికన్నం వేసి, మరకు సబ్బో కొవ్వొత్తో రాసి బిగించండి. మునుపు అంగుళం స్క్రూ ఉంటే ఇప్పుడు అంగుళంన్నర వాడితే బిరడా దాటి పాత గట్టి చెక్కలోకి పోతుంది. ఇత్తడి స్క్రూ వేయదలిస్తే ముందు అదే కొలత ఇనుప స్క్రూతో దారి చేసి తీసేయండి. ఇత్తడి మెత్తన, టేకులో నేరుగా తిప్పితే తల తెగుతుంది.

స్క్రూలన్నీ గట్టిగా ఉన్నా రెక్క ఇంకా వాలి ఉంటే కింది బందు వెనక పల్చటి ముక్క పెట్టాలి. పై బందు వెనక కాదు, అలా చేస్తే ఇంకా వాలుతుంది. బందుల మధ్య దూరం 900 మి.మీ., రెక్క వెడల్పు 450 అయితే, కింద 1 మి.మీ. ముక్క పెట్టినప్పుడు ఎదుటి అంచు అర మిల్లీమీటరు లేస్తుంది. అట్టముక్క నీళ్లు తాగి కుళ్లుతుంది. గడువు తీరిన ఏటీఎం కార్డు 0.76 మి.మీ. మందం ఉంటుంది, ఈ పనికే పుట్టినట్టు సరిపోతుంది.

రెక్క దించేటప్పుడు కింది బందు స్క్రూలు ముందు, పై బందువి చివర. ఎక్కించేటప్పుడు పైది ముందు. ఇద్దరు మనుషులు లేకుండా మొదలుపెట్టొద్దు.

మెలి తిరిగిన రెక్కకు పూర్తి వైద్యం లేదు, సర్దుబాటు ఉంది. పైమూల గది వైపుకు 6 మి.మీ. లేచి ఉంటే, దానికి ఐమూలగా ఉన్న కింది బందును అదే వైపుకు 3 మి.మీ. జరిపి బిగించండి. మూల సగం కిందికి దిగుతుంది. మిగతాది గడియ లాక్కుంటుంది.

రాని స్క్రూ, నల్ల మరక

పాత కిటికీల స్క్రూలకు తల మీద ఒకే గాడి. అది రంగుతో నిండి ఉంటుంది. ముందు హాక్సా బ్లేడు ముక్కతో గాడి శుభ్రంగా గీకండి. స్క్రూడ్రైవర్ మొన గాడి వెడల్పుకు సరిగ్గా సరిపోవాలి, సన్నగా ఉంటే గాడి చెదురుతుంది. తిప్పేటప్పుడు ముందు బిగించే వైపుకు ఒక పిసరు, తర్వాత విప్పే వైపుకు. అలా తుప్పు పట్టు తెగుతుంది. అయినా రాకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనను తల మీద రెండు నిమిషాలు ఆనించి, చల్లారాక ప్రయత్నించండి. వేడికి ఇనుము వ్యాకోచించి మళ్లీ ముడుచుకునేటప్పుడు చెక్కతో బంధం వదులుతుంది.

స్క్రూ చుట్టూ చెక్క నల్లబారి ఉంటే అది మసి కాదు. చెక్కలోని వగరు పదార్థం, ఇనుము, తడి కలిసి చేసిన రంగు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టిన ద్రవంతో నల్ల గీత గీస్తారు. కిటికీ చెక్కలో జరిగేదీ అదే రసాయనం, అడగకుండా జరుగుతుంది. మరక నల్లగా, చెక్క గట్టిగా ఉంటే భయం లేదు. ఆర (కన్నాలు పొడిచే సూది పనిముట్టు) మొనతో పొడిస్తే మెత్తగా దిగితే అది కుళ్లు, ఆ చోట స్క్రూ నిలవదు.

ఇత్తడి గడియకు ఇనుప స్క్రూలు వేయడం మరో అలవాటైన తప్పు. తడి తగిలితే రెండు లోహాల జోడీలో ఇనుము త్వరగా తినుకుపోతుంది. గడియ మెరుస్తూ ఉంటుంది, పట్టుకునే స్క్రూ లోపల సూదిలా సన్నబడి ఉంటుంది.

రంగు పొరలు

ముప్పై నలభై ఏళ్ల కిటికీ గడియ మీద ఎనామిల్ ఐదారు పొరలుంటుంది. పెళ్లికొకటి, గృహప్రవేశానికొకటి. రంగు వేసేవాళ్లు గడియ తీయరు, దాని మీదే పూస్తారు. పొర పొరకూ చెవిలో ఖాళీ తగ్గి ఒక రోజు కడ్డీ ఆగిపోతుంది.

దీన్ని గీకే ముందు ఒక జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నిబంధనలు మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. అంతకుముందు పొరల్లో సీసం ఉండవచ్చనే అనుకోవాలి. పొడిగా ఉప్పుకాగితం పట్టొద్దు, మంటతో కాల్చొద్దు. తడిపి గీకండి, కింద పరిచిన కాగితంతో సహా పెచ్చులు మూటకట్టి పారేయండి. చిన్నపిల్లలూ గర్భిణులూ ఆ గదిలో ఉండకూడదు.

గడియలు, పిడులు ఊడదీసి శుభ్రం చేయడమే తేలిక. లీటరు నీటికి రెండు పెద్ద చెంచాల వాషింగ్ సోడా వేసి, పాత పాత్రలో అరగంట సన్నగా మరిగించండి. రంగు చర్మంలా ఊడివస్తుంది. ఆ పాత్ర మళ్లీ వంటింట్లోకి రాకూడదు. అల్యూమినియం గడియలను మాత్రం ఇందులో వేయొద్దు, సోడా ఆ లోహాన్ని తినేస్తుంది. ఇనుముకు తర్వాత తీగబ్రష్షు, రెడాక్సైడ్, పైన రంగు, అదీ పట్టీకి మాత్రమే. జారే కడ్డీకి రంగు వేయొద్దు. ఇత్తడికి చింతపండు సరే కానీ ఐదు నిమిషాలు చాలు, తర్వాత బాగా కడిగి తుడవాలి. రాత్రంతా నానబెడితే పైపొరలో జింకు పోయి ఇత్తడి రాగిలా ఎర్రబారుతుంది. అది మెరుపు కాదు, నష్టం.

ఇప్పుడు గడియ

కడ్డీని బయటికి తీసి నున్నటి కడప బండ మీద దొర్లించండి. ఎగిరెగిరి పడితే వంగింది. పచ్చడిబండ దెబ్బల ఫలితం ఇదే. చెక్క దిమ్మ మీద పెట్టి మెల్లగా కొట్టి సరిచేయవచ్చు. కడ్డీ కొన చదునుగా ఉంటే ఆకురాయితో అంచు గుండ్రం చేయండి, కన్నం వెతుక్కోవడం దానికి సులువవుతుంది.

చట్రంలో కన్నం కడ్డీ కంటే 1.5 నుంచి 2 మి.మీ. పెద్దదిగా ఉండాలి. మీద ఇనుప పట్టీ తప్పనిసరి, లేకపోతే చెక్క అరిగి కన్నం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. కడ్డీ కనీసం 15 మి.మీ. లోపలికి దిగాలి. కింది కన్నం మాత్రం 40 మి.మీ. లోతు తవ్వితే మంచిది, దుమ్ము అడుగున చేరినా కడ్డీకి చోటు మిగులుతుంది. కందిరీగలు మట్టిగూడు కట్టడానికి ఈ కన్నాలు ఎంచుకుంటాయి. ఏడాదికి రెండుసార్లు సన్న తీగతో కెలికి ఊదేయండి. వాననీళ్లు నిలిచేదీ అక్కడే కాబట్టి లోపలి గోడలకు ఒకసారి అవిసె నూనె పట్టించి ఆరనివ్వండి.

నూనెల విషయంలో మన అలవాట్లు అంత మంచివి కావు. కొబ్బరి నూనె అప్పటికి బాగా జారుతుంది, వేసవి దుమ్ముతో కలిసి రెండు నెలల్లో నల్లటి జిడ్డవుతుంది. నువ్వుల నూనె బంకగా గడ్డకడుతుంది. గ్రీజు దుమ్మును పిలుస్తుంది. గడియ కడ్డీకి కొవ్వొత్తి రుద్దడం చాలు. బందుల ఇరుసుకు కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు, మిగిలింది తుడిచేయాలి. తాళం చెవి దూరే చోట నూనె అసలు వద్దు, 6బి పెన్సిల్ ముల్లు నూరిన పొడి చిటికెడు వేసి చెవి తిప్పండి. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే తుప్పు వదిలించడానికి పనికొస్తుంది, ఎక్కువ కాలం జారుడు ఇవ్వడానికి కాదు.

కొన్ని పెద్ద పాత భవనాల్లో నడుమ ఒకే పిడి తిప్పితే పైకీ కిందికీ రెండు పొడవాటి కడ్డీలు కదిలే గడియలుంటాయి. పిడి వెనక డబ్బాలో పళ్ల చక్రం రెండు పళ్ల పట్టీలను ఎదురెదురుగా నెడుతుంది. విప్పే ముందు ఏ కడ్డీ పైదో గుర్తు పెట్టుకోండి. తిరిగి పెట్టేటప్పుడు రెండూ ఒకే పొడవు బయటికి వచ్చేలా పళ్లు కలపాలి, ఒక్క పన్ను తప్పినా ఒక కొన పడుతుంది, ఇంకోటి పడదు. ఇలాంటిది దొరికితే పారేయొద్దు.

పిడి లేని రెక్క

పిడి ఊడిపోయి ఏళ్లయిన కిటికీలు చాలా ఇళ్లలో ఉంటాయి. అందరూ గడియ బుడిపె పట్టుకుని రెక్క లాగుతుంటారు. జారడానికి చేసిన గడియను లాగితే దాని స్క్రూలు వదులవుతాయి, పట్టీ పక్కకు తిరుగుతుంది. గడియ పదే పదే ఊడుతోందంటే ముందు ఒక పిడి బిగించండి. ఎక్కువగా లాగే రెక్కకు స్క్రూల కంటే ఆరపార బోల్టు మేలు, అటుపక్క వాషరు వేసి నట్టు.

కొక్కెం కన్ను ఊడేది గాలివానల ముందు వచ్చే ఈదురుగాలికి. కన్నును రెక్క మధ్యలో కాకుండా అడుగున ఉన్న అడ్డ చెక్కకు బిగించాలి, అక్కడ చెక్క మందం ఎక్కువ. ఇక కపిలతీర్థం వైపు, కొండ కింది వీధుల్లో ఉండేవాళ్లకు కోతుల సంగతి చెప్పనక్కరలేదు. ఊచల మధ్య చెయ్యి పెట్టి కొక్కేన్ని పైకి లేపడం వాటికి ఒక్కసారి చూస్తే వచ్చేస్తుంది. అక్కడ బుడిపెను పక్కకు తిప్పి గాడిలో పడేసే గడియ కావాలి.

గడియ మార్చక తప్పనిదైతే పాతదాన్ని చేతిలో పట్టుకునే అంగడికి వెళ్లండి. పాతవన్నీ అంగుళాల లెక్కలో చేసినవి. కొత్త 150 మి.మీ. గడియ పొడవు పాత 6 అంగుళాలదానితో దాదాపు కలిసినా స్క్రూ కన్నాల దూరం కలవదు. పాత కన్నానికి రెండు మూడు మిల్లీమీటర్ల పక్కన కొత్త కన్నం వేస్తే రెండూ కలిసి చీలుతాయి. పాతవాటికి ముందు బిరడాలు వేసి, ఒక రోజు ఆరనిచ్చి, ఆ తర్వాతే కొత్త గడియ పెట్టి ఆర మొనతో గుర్తులు పెట్టుకోండి.